గదగు తంతి

ఎమ్మిగనూరు,
12 డిసెంబరు 1936

అయ్యవారు వెంకటేశులు గారికి మగ్గాల కాశప్ప దండాలు పెట్టి రాయునది.

మేము క్షేమంగా బస్సు దిగి ఇల్లు చేరినాము. హులిగమ్మకు కట్టు విప్పినాము. పుండు ఆరింది, జ్వరం లేదు. ఎడమ చేత్తో అన్నం తింటోంది. మొదట్లో వాళ్ళమ్మ కలిపి నోట్లో పెట్టబోతే మూతి తిప్పుకొని, కంచం లాక్కొని తానే తినింది. పద్నాలుగేండ్ల పిల్లకు ఆ పంతం ఉండడం మంచిదే అనుకున్నాను.

మీరు మాకు ఏమీ కారు. మొన్న జూన్‌లో కావలి నుంచి ఆదోని బడికి తెలుగు పండితులుగా వచ్చి, మా అక్క భీమక్క ఇంట్లో అద్దెకు దిగినారు, అంతే. అట్లాంటిది, దసరాకు అత్త ఇంటికి వచ్చిన నా బిడ్డ వేలికి కదురు గుచ్చుకొని చీము పడితే మీరే బండి కట్టించి మిషన్ ఆస్పత్రికి తీసుకుపోయినారు. గదగులో చీరలు అమ్ముకుంటున్న నాకు తంతి కొట్టినారు. వేలు ఈ రోజే తీసేయాలంటున్నారు, తీయమంటారా, మీరు వచ్చేదాకా ఆగమంటారా అని అడిగినారు. నేను ఆ గంటలోనే తీయమని జవాబు కొట్టించినాను. పోయేది వేలే గదా అనుకొని, ఉన్న సరుకు ఇచ్చేసి మూడో నాడు వచ్చినాను. నా తంతి మీకు ఆలస్యంగా అందిందని మీరు ఆస్పత్రి వరండాలో చెప్పేదాకా నాకు తెలియదు. వేలితో పోవలసింది మణికట్టు దాకా పోయింది.

ఒక సంగతి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. నా పెండ్లాం నాగమ్మ నాతో మాట్లాడడం మానుకొంది. అప్పుడు మా అమ్మ ఆఖరి దశలో ఉంటే ఆమెను వదిలి రాలేక ఇంట్లోనే ఉండిపోయింది గదా, బిడ్డ దగ్గర తాను లేనన్న బాధ ఒకటి. దానికి తోడు, "తంతి కొట్టింటే రాకుండా యాడికి పోతాది? జవాబియ్యకుండా ఆడ నాటకాలు సూసుకుంటా కూసున్నావు" అనింది. అదే నాతో ఆడిన ఆఖరి మాట. నేను ఎన్ని చెప్పినా గోడకు చెప్పినట్టే. చదువుకున్నవారు, మీ మాట నమ్ముతుంది. తంతి ఆలస్యమైన సంగతి ఆమె పేరిట నాలుగు ముక్కలు రాయండి. నేను చదివి వినిపిస్తాను.

ఇట్లు,
కాశప్ప


ఆదోని,
3 జనవరి 1937

కాశప్ప గారికి నమస్కారములు.

మీ ఉత్తరం అందింది. చిరంజీవి హులిగమ్మ కోలుకుంటున్నందుకు సంతోషం.

అమ్మగారికి వేరుగా రాయమన్నారు. ఇంటి విషయంలో పరాయివాడు కలగజేసుకోవడం బాగుండదని నా అభిప్రాయం. తంతి సంగతులు ఎక్కడ ఏమవుతాయో చెప్పడం కూడా కష్టం. కొంతకాలం పోతే ఆవిడ మనసు కుదుటపడుతుంది.

హులిగమ్మకు ఒక పలక, బలపాల పెట్టె భీమక్క గారి చేత పంపుతున్నాను. ఎడమ చేత్తో రాయడం సాధన చేయమనండి. తెలుగు అక్షరాలు నేను వరుసగా కాగితం మీద వేసి పంపిస్తాను.

ఇట్లు,
వెంకటేశులు


ఎమ్మిగనూరు,
20 ఆగస్టు 1938

అయ్యవారికి కాశప్ప దండాలు.

మీరు పంపిన పట్టిక చూసినాను. తెలుగు క్రియాపదాలకు మా ఇంటి కన్నడంలో ఏమంటారో ఎదురుగా రాయమన్నారు. మీకు ఈ పిచ్చి ఎట్లా పట్టిందో గానీ మాకు కాలక్షేపంగా ఉంది. నేను నేస్తూ చెప్తుంటే హులిగమ్మ రాసింది. ఎడమ చేతి రాత, కోడి గీరినట్టుంటే మన్నించండి.

మీరు పాడితే మేము హాడుతాము. మీరు పోతే మేము హోగుతాము. నేసేది మాత్రం ఇద్దరికీ నేతే. ఇదంతా రాసి రాసి హులిగమ్మ ఉన్నట్టుండి, "నాయనా, అట్లయితే నా పేరులో హులి వాళ్ళ పులేనా?" అని అడిగింది. అవునన్నాను. ఆ పొద్దంతా కండెలు చుట్టుకుంటా పులి మాదిరి గుర్రుమని తమ్ముణ్ణి బెదిరించింది. చెయ్యి పోయినాక అది అంత నవ్వడం అదే మొదలు. అందుకు మీకు దండం పెట్టుకోవాల.

నాగమ్మ సంగతి అట్లే ఉంది. నేను ఎదురుగా కూర్చొని ఉంటాను, "మీ నాయనను అన్నానికి రమ్మను" అని హులిగమ్మతో అంటుంది. హులిగమ్మ నా వైపు తిరిగి, "నాయనా, అన్నానికి రమ్మంటుండాది" అంటుంది. నేను "వస్తానని చెప్పు" అంటాను. అలవాటైపోయింది. అలవాటు కావడమే బాధ. ఒక్కోసారి నాకే అనుమానం, నిజంగా ఆ తంతి నేను కొట్టించినానా, కలగన్నానా అని.

ఇట్లు,
కాశప్ప


ఆదోని,
9 ఏప్రిల్ 1941

కాశప్ప అన్నకు వెంకటేశులు నమస్కారాలు.

మీరు పంపిన మాటలతో కలిపి నా పుస్తకంలో మూడు వందల క్రియలు దాటాయి. తమిళంవి గుంతకల్లులో రైల్వే పని చేసే మిత్రుడొకడు రాసి పంపిస్తున్నాడు. ఒక తల్లి పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో ఊరు వెళ్ళి, తలా ఒక యాసలో పాత మాటే మాట్లాడుతున్నట్టుంటుంది.

నిన్న ఒక తమాషా విన్నాను. మిషన్ ఆస్పత్రికి అప్పుడప్పుడు ఒక ముసలి పాదిరి వస్తుంటారు. ఐరోపా ఖండపు మనిషి, చాలా భాషలు చదివారు. నా పట్టిక చూసి, మాకూ ఇలాంటి కుటుంబం ఒకటి ఉందన్నారు. లాటిను అనే పాత భాష తల్లి. ఫ్రెంచి, ఇటాలియను, స్పానిషు, పోర్చుగీసు, రుమేనియను బిడ్డలు. ఆ తల్లి భాషలో 'ప్లికారే' అని ఒక క్రియ, అంటే మడవడం. ఫ్రెంచి, ఇటలీ వాళ్ళ నోట అది నేటికీ మడవడమే. స్పెయిను, పోర్చుగలు వాళ్ళ దగ్గర అదే మాటకు అర్థం 'చేరుకోవడం' అయిందట. ఓడ రేవు చేరగానే తెరచాపలు మడుస్తారు కదా, అందువల్ల కావచ్చునని పండితుల ఊహ. రుమేనియాలో మాత్రం అదే క్రియకు 'వెళ్ళిపోవడం' అని అర్థం. అక్కడివాళ్ళు డేరాలు మడిచి ఊరు విడిచేవారేమో! ఒకే మాట ఒకడి నోట రావడం, ఇంకొకడి నోట పోవడం. "వాళ్ళిద్దరూ ఒకచోట కలిస్తే ఒకడు స్వాగతం చెప్తున్నాడనుకోవాలో, వీడ్కోలు చెప్తున్నాడనుకోవాలో!" అని పాదిరి నవ్వారు.

ఎందుకో మీకు రాయాలనిపించింది.

ఇట్లు,
వెంకటేశులు


ఎమ్మిగనూరు,
2 మే 1941

అయ్యవారికి కాశప్ప దండాలు.

మడత కత బాగుంది. కానీ దానికి ఓడలెందుకు, మా ఇంటికి వస్తే చాలు. మగ్గం మీద చీర కోసి మడిస్తే పని అయిందని సంతోషం. సంతలో పరిచిన చీర సాయంత్రం మడిస్తే అమ్ముడుపోలేదని దిగులు. మడత ఒకటే, మడిచేవాని మొగం వేరే.

అది చదివినాక హులిగమ్మ మీ పట్టికలన్నీ ముందరేసుకొని ఒక తప్పు పట్టింది. ఇన్ని మాటలు అడిగినారు, 'ఆగు' ఎప్పుడూ అడగలేదేమి? మీ పాదిరి చెప్పిన మాట మన ఊర్లోనే ఉంది గదా! మీరు ఆగు అంటే నిలిచిపోవడం. మా కన్నడంలో ఆగు అంటే జరగడం, కావడం. మేము 'ఆగలి' అంటే 'సరే, కానీ' అని. మీ చెవికి అది 'ఆగాలి' అని వినపడుతుంది. కావలి నుంచి వచ్చిన కొత్తలో సంతలో ఎంత తికమక పడింటారో పాపం అని నేనూ అదీ నవ్వుకున్నాము. ఈ మాట తప్పక పుస్తకంలో ఎక్కించండి.

ఇట్లు,
కాశప్ప


ఆదోని,
17 జూలై 1941

కాశప్ప అన్నా,

రెండున్నర నెలలుగా మీ ఉత్తరం నా బల్ల మీద ఉంది. జవాబు నాలుగుసార్లు రాసి చింపాను.

ఆ మాట నేను అడగకపోవడం మరుపు కాదు. మీ తంతి ఆలస్యం కాలేదు. నేను కొట్టించిన నాడే, మధ్యాహ్నం బడి గంట కొట్టేలోగానే నా చేతికి వచ్చింది. అందులో ఒకటే మాట, ఇంగ్లీషు అక్షరాల్లో, ఆగలి అని. ఆగాలి అనో ఆగలి అనో ఆ అక్షరాలు దీర్ఘాలు చెప్పవు. నేను నా భాషలో చదువుకున్నాను. మీరు వచ్చేదాకా ఆగాలి అన్నారనుకున్నాను.

కాగితం జేబులో పెట్టుకొని ఆస్పత్రికి వెళ్ళాను. దొరసాని డాక్టరు వరండాలోనే ఎదురయ్యారు. తండ్రి ఆగమంటున్నారని చెప్పాను. ఆవిడ నమ్మలేనట్టు చూసి, "సరిగ్గా చదివారా?" అని అడిగారు. "నేను తెలుగు పండితుణ్ణండీ" అన్నాను. ఆ మాట ఎంత ధీమాగా అన్నానో ఇప్పటికీ నా చెవిలో ఉంది. పిల్లలకు పద్యాల్లో 'శుభమగుగాక' అని అర్థం చెప్పేవాణ్ణి. ఆ 'అగు', మీ 'ఆగు' ఒక తల్లి పిల్లలే. నా 'ఆగు' వేరే. నాకు తెలియవలసినదే.

ఆవిడ ఆగారు. మూడో నాడు విషం మణికట్టు వైపు పాకుతుంటే ఇక ఎవరినీ అడగకుండా కోశారు. ఆ సాయంత్రమే మీరు వచ్చారు. నన్ను పట్టుకొని, "ఆగలి అని ఆ గంటే కొట్టించినాను గద అయ్యవారూ, మరి యాల ఆగినారు?" అన్నారు. అప్పుడు, ఆ నిమిషంలో, నాకు అర్థమైంది. మీ ముఖం చూస్తూ, తంతి ఆలస్యంగా అందిందని చెప్పాను.

ఆ తర్వాత చెప్పడానికి నాకు ప్రతిరోజూ వీలుంది. నాగమ్మ గారికి నాలుగు ముక్కలు రాయమని మీరు అడిగినప్పుడు వీలుంది. ఆవిడ మీతో మాట్లాడడం లేదని రాసిన ప్రతి ఉత్తరానికీ వీలుంది. నేను దానికి బదులు మీకు క్రియాపదాల పట్టికలు పంపాను. పాదిరి కథ రాసినప్పుడు, మీరే ఈ మాట అందుకుంటే బాగుండునని లోపల ఎక్కడో అనుకున్నానేమో. మీరు అందుకున్నారు. నవ్వుతూ అందుకున్నారు.

క్షమించమని అడిగే ధైర్యం లేదు.

వెంకటేశులు


ఎమ్మిగనూరు,
30 జూలై 1941

వెంకటేశులూ,

నీ ఉత్తరం పది దినాలు నా అంగీ జేబులో ఉంది. మగ్గం మీద కూర్చుంటే కాళ్ళు ఆడవు.

తప్పు చదివినావు. దానికి నిన్నేమీ అనను. అది నీ భాష కాదు. తంతి గుమాస్తా ఇంగ్లీషులో చెప్పమంటే నాకు రాక, మా మాటనే వాళ్ళ అక్షరాల్లో వేయమన్నాను. చదివేది నీవని, నీవు ఎక్కడివాడివని నాకూ తట్టలేదు. ఆ తప్పు ఇద్దరిదీ అనుకో.

కానీ వరండాలో నా ముందర నిలబడి ఆలస్యమయిందని అంటివే, అది నీ భాషలోనే గదా అన్నావు. నీకు బాగా తెలిసిన మాటలే గదా.

నా బిడ్డ చెయ్యి పోతుంటే నాటకం చూసినవాడినని నా పెండ్లాం ఐదేండ్లు అనుకొనింది. నేను ఆమె పెట్టిన కూడు తింటా అది మోసినాను. నువ్వు నాలుగు ముక్కలు రాసింటే దిగిపోయే బరువు. నాకు పాడేదీ హాడేదీ రాసి పంపినావు.

నీ ఉత్తరం నేను నాగమ్మకు చదవను. నా నోట వింటే, పంతులును మాట్లాడుకొని రాయించినాడంటుంది. నువ్వు రావాల. వచ్చే శనివారం రా. ముందు ఆడ మా అక్కకు చెప్పి, ఆమె ఏమంటే అది పడి, అప్పుడు ఈడికి రా.

కాశప్ప


ఆదోని,
12 ఆగస్టు 1941

కాశప్ప గారికి,

శనివారం మీరు నన్ను గడప దగ్గర వదిలి, మగ్గం గుంతలోకి దిగిపోయారు. లోపల ఏం జరిగిందో మీకు తెలియాలి. నేను వాడిన మాటలూ, వాళ్ళన్న మాటలూ ఏదీ మార్చకుండా రాస్తున్నాను.

నాగమ్మ గారు నూలు చిక్కు తీస్తున్నారు. హులిగమ్మ పక్కన రాట్నం దగ్గర ఉంది. నేను కన్నడంలో మొదలుపెట్టాను, ఐదేళ్ళుగా నేర్చుకున్నది. ఆవిడ తల ఎత్తకుండానే, "తెలుగులోనే సెప్పప్పా. నీ కన్నడం ఈడ వద్దు" అన్నారు. తెలుగులో అంతా చెప్పాను. తంతి ఏ నాడు వచ్చింది, అందులో ఏముంది, డాక్టరుతో ఏమన్నాను, మీతో ఏం అబద్ధమాడాను, అన్నీ. ఆవిడ చేతిలో నూలు అలాగే ఉండిపోయింది.

ఆ నూలు పక్కన పెట్టి, "ఆ పొద్దు భీమక్క యాడుండె?" అని అడిగారు.

"లోపల, మంచం దగ్గర" అన్నాను.

"నువ్వు?"

"వరండాలో."

"నడమ ఎన్నడుగులు?"

"పదో పన్నెండో."

"పన్నెండడుగులు నడిసి అడిగింటే నీ సదువు అరిగిపోతుండెనా?"

అప్పుడు హులిగమ్మ రాట్నం ఆపింది. ఆ పిల్ల అంతవరకూ నా వైపు చూడలేదు. "అత్తను యాల అడగల్లమ్మా? నేనుండ్ల్యా? నాకు తెలివి ఉండె. నొప్పి ఉండె గానీ తెలివి ఉండె. ఆ కాగితం నా ముందర సదివింటే సాలు, నాయన తీయమన్నాడని నేనే సెప్తాంటి. నా యేలు గద సార్, అది" అంది.

కాశప్ప గారూ, ఇన్నేళ్ళూ నేను మీకు చేసిన ద్రోహం గురించే కుమిలాను. నాగమ్మ గారికి ఏం చెప్పాలా అని భయపడ్డాను. మంచం మీద కళ్ళు తెరిచి ఉన్న ఆ పిల్లను అడగవచ్చునని ఆ నాడు తట్టలేదు, ఈ ఐదేళ్ళలోనూ తట్టలేదు. ఆమె అలా అన్నాక నేను ఎలా లేచానో, బస్సు ఎలా ఎక్కానో తెలియదు.

భీమక్క గారు ఇల్లు ఖాళీ చేయమనలేదు. కానీ నాతో కన్నడం మాట్లాడడం మానేశారు. ఏది చెప్పినా తెలుగులో, అచ్చు మా కావలి వాళ్ళలా మెల్లగా విడమరచి చెప్తున్నారు. దానికంటే ఇల్లు ఖాళీ చేయమన్నా బాగుండేది. నెల్లూరు వైపు బదిలీకి దరఖాస్తు పెట్టాను.

వెంకటేశులు


ఎమ్మిగనూరు,
1 సెప్టెంబరు 1941

అయ్యవారు వెంకటేశులు గారికి కాశప్ప రాయునది.

పోయిన ఉత్తరంలో నువ్వు అని రాసినాను. ఆ ఉత్తరానికి అదే సరైన మాట. ఇది వేరే ఉత్తరం.

మీరు పోయినాక నేను గుంతలోనుంచి పైకి రాలేదు. నేయనూ లేదు, ఊరికే కూర్చున్నాను. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నాగమ్మ వచ్చి మగ్గం పక్కన నిలబడింది. హులిగమ్మ కోసం చుట్టూ చూసినాను, ఆమె మాట నాకు చెప్పడానికి. హులిగమ్మ లేదు. "ఇంగ పైకి రా" అనింది నాగమ్మ, నన్నే చూసి. నాకు లేవడానికి చేతకాలేదు. ఆమె చెయ్యి ఇచ్చింది. పట్టుకొని పైకి వస్తిని. "ఐదేండ్లు" అనింది. కొంగు అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది. ఆ పొద్దుకు అంతే.

మర్నాడు తెల్లవారినుంచి మొదలుపెట్టింది. కప్పు కారితే గడ్డి వేయలేదని, మా అమ్మ ఆమెను ఒకసారి ఏమో అంటే నేను మూగవాని మాదిరి కూర్చున్నానని, ఎనుమును సంతకు తోలి తప్పు చేసినానని, ఐదేండ్లుగా దాచిపెట్టిన తిట్లన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. ఇప్పటికి ఇరవై దినాలు. ఇంకా 1938 దగ్గరే ఉండాము. నేను వింటున్నాను. ఇంత బాగుంటుందని నాకు తెలియదు.

నా కోపం పోయిందని రాయను. పొద్దున లేచి బిడ్డ ఎడమ చేత్తో, పండ్లతో జడ బిగించుకుంటుంటే చూస్తాను, మీరు గుర్తొస్తారు. అది అట్లే ఉంటుందేమో. కానీ మీరు వచ్చి చెప్పినారు. చెప్పకుండా నెల్లూరు పోయింటే మేము ఇట్లే ఒకరి మాట ఒకరికి బిడ్డ చేత మోయిస్తా ముసలివాళ్ళమైపోతుంటిమి.

ఇప్పుడు అసలు సంగతి. హులిగమ్మ మీకు ఒక మాట చెప్పమనింది. నేను రాయకుంటే తానే రాస్తానని కాగితం లాక్కుంటోంది. దానికి ఇంగ్లీషు నేర్చుకోవాలని ఉందంట. బదిలీ దరఖాస్తు వెనక్కి తీసుకొని, ఆదివారం ఆదివారం వచ్చి చెప్పమంటోంది. "తప్పు సేసినోడు ఊరిడిసి పోతే నాకేమొస్తాది నాయనా? నా సదువన్నా వస్తే మేలు గదా" అనింది. ఈ వీధిలో పంతులు దగ్గర కూర్చొని చదివిన ఆడపిల్ల ఇంతవరకు లేదు. జనం ఏమంటారో నేను చూసుకుంటాను.

నాగమ్మను అడిగినాను. చాలాసేపు నూలు చిక్కు తీసి, "బిడ్డ అడిగింది గాబట్టి సెప్పనీ. నా సేత్తో ఆయప్పకు కూడు మాత్రం పెట్టను" అనింది.

కాబట్టి వచ్చే ఆదివారం మొదటి బస్సుకు రండి. సద్ది కట్టుకొని రండి.

ఇట్లు,
కాశప్ప